లాగితే రాని వైరు

2 జూన్, సోమవారం

ఇవాళ సంతకం పెట్టలేదు. రేపూ పెట్టను.

కోపంలో రాశానని తర్వాత నాకే అనిపించొచ్చు. అందుకని సంగతి ముందు రాసి పెట్టుకుంటాను. మేం చేసేవి లిఫ్టులకు పెట్టే బ్రేకులు. తయారైన ప్రతి బ్రేకూ నా బెంచి మీదకు రావాల్సిందే. బెంచికి రెండు సీట్లు. ఎడమ సీట్లో ఎప్పుడూ ఒకే బ్రేకు ఉంటుంది. దాన్ని మాస్టరు అంటాం. దాని పట్టు ఎంతో ముందే తెలుసు. కుడి సీట్లో కొత్త బ్రేకు బిగిస్తాం. రెండింటికీ ఒకటే స్విచ్చు. ఒకేసారి పట్టుకుంటాయి, ఒకేసారి వదులుతాయి. ఎంత గట్టిగా పట్టుకున్నాయో సెన్సర్లు వోల్టేజీ రూపంలో పంపితే, కంప్యూటర్లో ఉన్న కార్డు దాన్ని అంకె చేసి తెర మీద చూపిస్తుంది. ఆరున్నర వోల్టులు దాటితే పాస్. దాటకపోతే అది జారే బ్రేకు. పాసయిన దాని రిపోర్టు కింద నా సంతకం ఉంటుంది.

బెంచిని కొత్త షెడ్డులోకి మార్చిన దగ్గర్నుంచి ఒక్కటంటే ఒక్కటి ఫెయిల్ కాలేదు. 7.39. 7.40. 7.39. 7.38. 7.39. పాత షెడ్డులో ఒకటి ఎనిమిది దాటేది, ఇంకొకటి ఏడు దగ్గర ఆగేది, అప్పుడప్పుడు ఒకటి ఆరు కూడా చేరకుండా చతికిలబడేది. మనుషుల చేతుల మీదుగా వచ్చే వస్తువులు అలాగే ఉంటాయి. ఇవి మాత్రం యూనిఫారం వేసుకుని వరసలో నిలబడ్డాయి.

అందరూ సంబరపడుతున్నారు. పెద్దసారు గోడకు బోర్డు కూడా కొట్టించారు, 'ఫెయిల్ లేని ప్లాంటు' అని. నాకు మాత్రం ఆ అంకెల్ని చూస్తుంటే ఒళ్ళు మండుతోంది. కార్డు చెడిపోయింది. దాని మీద నాకు నమ్మకం లేదు, నమ్మకం లేని దాని కింద నా పేరు రాయను.

3 జూన్

మా ఆయన ప్లాంటు హెడ్డు అయిన రోజున ఆఫీసు గొడవలు గుమ్మం దాటి లోపలికి రాకూడదని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. ఇవాళ చెప్పులు కూడా విప్పకుండా ఆయనే దాన్ని తెంపేశారు.

"సంతకం ఎందుకు పెట్టలేదు?"

"రీడింగులు నచ్చలేదు."

"పాసయినవి నచ్చకపోవడమేంటి? ఫెయిలైతే నచ్చుతాయా?"

"ఒకటో రెండో ఫెయిలైతే నమ్ముతాను. అన్నీ కవల పిల్లల్లా ఉంటే నమ్మను."

"బ్రేకుకి పట్టునిచ్చే లైనింగు పట్టీ అంటించే పద్ధతి మార్చాం. జిగురు గట్టిపరిచే ఓవెన్ మార్చాం. ముక్కకీ ముక్కకీ తేడా రాకూడదని తిండీ నిద్రా మానుకుని చేశాను. తేడా రావట్లేదు. నీ బాధ అదీ."

నా బాధ అదట! ఆ కుర్చీకి నేనూ దరఖాస్తు పెట్టిన మాట నిజమే. ఫెయిల్ లేని నెలల్ని చూపించి ఆయనకు ఇచ్చారు. సంతోషించాను. స్వీట్లు నేనే కొని నేనే పంచాను. నాకేం అసూయ లేదు. ఇది ఎవరూ చదవరు కాబట్టి అబద్ధం రాయాల్సిన పని కూడా లేదు.

అత్తయ్య టీవీ ఆపేసి మరీ మా మాటలు విన్నది. ఆవిడకు ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం పనిచేస్తుంది. వినికిడి మిషను డ్రాయర్లో భద్రంగా నిద్రపోతుంటుంది. మా కొట్లాటలు మాత్రం అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తాయి.

5 జూన్

పెద్దసారు పిలిపించారు. ఫ్యాక్టరీ యజమాని పిలిస్తే కూర్చోమంటారని అనుకోవడం నాదే పొరపాటు.

"ఏమ్మా, మీ ఇంటి గొడవలు నా బెంచి మీద తీర్చుకుంటున్నావా?"

"బెంచి గొడవే ఇంటికి వెళ్తోంది సార్. ఇంటి గొడవ ఇక్కడికి రాలేదు."

పాత షెడ్డులో ఫెయిలైన బ్రేకు ఒక్కటుంటే ఇవ్వండి, బిగించి చూపిస్తానన్నాను. అన్నిటికీ కొత్త లైనింగు వేసి ఎప్పుడో అమ్మేశారట. పోనీ కొత్తదానికి గ్రీజు పూసి చూస్తానన్నాను. అమ్ముడుపోయే సరుకుకి గ్రీజు పూస్తావా అని ఒంటికాలి మీద లేచారు. చివరికి బయటి నుంచి కొలతల నిపుణుణ్ని పిలిపిస్తామన్నారు. కార్డు బాగుందని అతను చెబితే నోరు మూసుకుని సంతకాలు పెట్టాలట.

"బాగాలేదని చెబితే?" అన్నాను.

పెద్దసారు అప్పటికే ఫోను తీశారు.

9 జూన్

నిపుణుడు వచ్చాడు. తెల్లచొక్కా, చిన్న పెట్టె, పెట్టెలో తన సొంత వోల్టేజీ మిషను. కార్డుకున్న వైర్లు ఒక్కొక్కటే ఊడదీసి, తన మిషను తగిలించి చూశాడు. ఒక వోల్టు ఇస్తే ఒకటి. అయిదు ఇస్తే అయిదు. తొమ్మిది ఇస్తే తొమ్మిది. రెండు సీట్ల ఛానెళ్ళలోనూ ఒక్క పిసరు తేడా లేదు. వైర్లు మళ్ళీ ఎక్కడివక్కడ బిగించాడు. నేను పక్కనే నిలబడి ప్రతి వైరూ లాగి చూశాను. ఏదీ కదల్లేదు.

"ఇంత శుభ్రమైన కార్డు ఈ మధ్య చూడలేదు మేడమ్," అని సర్టిఫికెట్టు నా చేతిలో పెట్టాడు.

అతను మెట్లు దిగకముందే బెంచి నడిపాను. 7.39.

ఈయన అద్దం అవతల నుంచి చూస్తున్నారు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది.

10 జూన్

నాకేం అసూయ లేదు.

12 జూన్

కార్డు చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా చెప్పి, వేడెక్కాక తప్పు చెబుతుండొచ్చు. నిపుణుడు ఉన్నది గంటసేపే. లోపల ఏ చిప్పో అలసిపోతోంది. కొత్త కార్డు కొనండి, తేడా కనిపించకపోతే నా జీతంలో కోసుకోండి అని మెయిల్ కొట్టాను. పెద్దసారుకి, ఈయనకి, అందరికీ.

సాయంత్రం వంటింట్లో ఈయన, "అందరికీ ఎందుకు పెట్టావు? నాకొక్కడికి పెడితే సరిపోయేది కదా," అన్నారు.

"మీకొక్కరికి పెడితే మీరొక్కరే చదువుతారు కాబట్టి."

ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. నాకూ అదే హాయిగా ఉంది. నిజంగా హాయిగానే ఉంది.

17 జూన్

కొత్త కార్డు వచ్చింది. కంప్యూటరు ఆపి పాతది తీసి కొత్తది పెట్టాం. వైర్లు ఫిట్టరు బిగించాడు. షెడ్డు మారినప్పుడు బెంచి వైరింగు చేసింది కూడా అతనే. స్క్రూ తిప్పుతూ నావైపు చూసి "లాగి చూడండి మేడమ్, లాగి చూడండి," అన్నాడు, నా అలవాటు తెలిసినవాడు కదా. లాగి చూశాను. నా బరువంతా వేసి లాగినా రాదు.

పెద్దసారు, ఈయన, ఆఫీసులో చాలామంది వచ్చి చుట్టూ నిలబడ్డారు. కుడి సీట్లో బ్రేకు బిగించి స్విచ్చు నొక్కాను.

మాస్టరు 7.42. కొత్తది 7.39. పాస్.

ఎవరో వెనక నుంచి చప్పట్లు కొట్టారు. ఎవరో నాకు తెలుసు, పేరు రాసి ఈ కాగితం పాడుచేయను. ఫిట్టరు పాపం తల దించుకున్నాడు. నేను దించుకోలేదు. తెర వైపే చూస్తూ ఇంకోసారి నొక్కాను. 7.39. ఇంకోసారి. 7.39.

"చాలమ్మా," అన్నారు పెద్దసారు, జాలిగా. అరిచినా ఇంత మండేది కాదు.

18 జూన్

తలనొప్పి. సెలవు. అత్తయ్య రెండుసార్లు వచ్చి నుదురు పట్టుకు చూసి వెళ్ళింది.

19 జూన్

నన్ను బెంచి మీంచి తీసేశారు. స్టోర్ రూములో పాత డ్రాయింగులు సర్దాలట. బెంచి ఫిట్టరు నడుపుతాడు, రిపోర్టుల మీద ప్లాంటు హెడ్డు సంతకం పెడతారు. అంటే మా ఆయన. ఆర్డరు కాగితం తెచ్చింది కూడా మా ఆయనే. నా కళ్ళలోకి చూడకుండా టేబులు మీద పెట్టారు.

"పెద్దసారు మాట. నేను కాదన్నాను," అన్నారు.

"ఎంత గట్టిగా కాదన్నారు?"

ఆయన గట్టిగా కాదంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా పెళ్ళికి వాళ్ళ నాన్నగారు ఒప్పుకోనప్పుడు విన్నాను. ఇవాళ ఆ గొంతు లేచినట్టు లేదు.

తప్పు నాదైతే ఒప్పుకునేదాన్ని. కార్డు బాగుంది. సరే. రెండు కార్డులూ బాగున్నాయి. సరే. అయినా ఆ అంకెలు అబద్ధాలే. ఎవరు ఆడుతున్నారో తెలియదు, అంతే. తెలియనంత మాత్రాన అబద్ధం నిజమైపోదు. డ్రాయింగులు సర్దుతాను. సర్దుతూ ఆలోచిస్తాను. ఆలోచించొద్దని ఆర్డరులో లేదు.

22 జూన్, ఆదివారం

మధ్యాహ్నం టీ పెట్టాను. వారమంతా మాటల్లేకపోయినా టీ మాత్రం ముగ్గురం కలిసే తాగుతున్నాం. ఈయన ఒక గుక్క తాగి, "పంచదార తక్కువైంది," అన్నారు. ఇంట్లో అయిదు రోజుల్లో అదే మొదటి వాక్యం.

అత్తయ్య వైపు తిరిగి, "మీకెలా ఉంది అత్తయ్యా?" అన్నాను.

"పంచదార తక్కువైంది," అంది ఠపీమని.

ఆవిడ కప్పు నిండుగా ఉంది, పైన మీగడ కూడా చెదరలేదు. అసలు ఆవిడ టీలో పంచదార వేయడం డాక్టరు మాన్పించి ఏడాదైంది. నాకు నవ్వొచ్చింది. దగ్గరికి వెళ్ళి మంచి చెవి దగ్గర అడిగాను. "నేనేం అడిగానో మీకు వినపడిందా అసలు?"

"లేదమ్మాయ్. వినపడకపోతే పక్కవాళ్ళు అన్నదే అనేస్తాను. ఎవరికీ అనుమానం రాదు, నా పరువూ దక్కుతుంది."

ఈయన కూడా నవ్వారు. నేను ఆపేశాను. కప్పు కింద పెట్టి అలాగే కూర్చుండిపోయాను.

కార్డుకు ఉన్నది ఒక్కటే చెవి. ముందు మాస్టరు వైపు తిరుగుతుంది, 7.42 అని వింటుంది. తర్వాత కుడి సీటు వైపు తిరుగుతుంది. అక్కడి నుంచి ఏ మాటా రాకపోతే? ఇందాక విన్న వోల్టేజీ లోపల ఇంకా నిలిచే ఉంటుంది. కొంచెం కారిపోయి, 7.39గా. మాస్టరు పట్టుకుంటే ఇదీ పట్టుకున్నట్టే, మాస్టరు వదిలితే ఇదీ వదిలినట్టే. ఎవరికీ అనుమానం రాదు.

కానీ వైరు ఉంది కదా. లాగి చూశాను కదా.

"ఏమైంది?" అన్నారు ఈయన.

"ఏం లేదు. పంచదార తక్కువైంది."

23 జూన్

స్టోర్ రూముకి వెళ్ళకుండా తిన్నగా బెంచి దగ్గరికే వెళ్ళాను. ఫిట్టరు అడ్డం నిలబడ్డాడు.

"మేడమ్, మిమ్మల్ని ముట్టుకోనివ్వొద్దన్నారు."

"నువ్వు ముట్టుకోనివ్వలేదు. నేనే ముట్టుకున్నాను. అడిగితే అలాగే చెప్పు."

పక్కకి తప్పుకున్నాడు. కుడి సీటు వైరును ముందు లాగి చూశాను. రాలేదు. స్క్రూ వదులు చేసి తీశాను. చివర చూస్తే రాగి లేదు. ఉన్నా పేరుకే, తొడుగు లోపల దాక్కున్న చిన్న మొన. స్క్రూ ఇన్నాళ్ళూ కరిచి పట్టుకున్నది ఎర్ర ప్లాస్టిక్ తొడుగుని. స్క్రూ గాటు తొడుగు మీద స్పష్టంగా ఉంది. ప్లాస్టిక్‌ని స్క్రూ ఎంత గట్టిగా పట్టుకుంటుందో రాగిని కూడా అంత గట్టిగా పట్టుకోదు. అందుకే లాగితే రాలేదు.

వైరును బయటే ఉంచేసి ఈయనకు ఫోను చేశాను. "బెంచి దగ్గరికి రండి." ఆయన వెనకే పెద్దసారు కూడా వచ్చారు, ముఖం మాడ్చుకుని.

స్విచ్చు నొక్కాను. రెండు బ్రేకులూ ధబ్బున పట్టుకున్నాయి.

"ఈ బ్రేకు ఎలా ఉందండీ?"

ఆయన తెర చూసి, "7.39. పాస్," అన్నారు.

"దాని వైరు ఎక్కడుంది?"

పిడికిలి విప్పి చూపించాను. ఎర్ర వైరు చివర నా అరచేతిలో ఉంది. తెర మీద పచ్చ అక్షరాలు అలాగే వెలుగుతున్నాయి. ఆయన వైరుని చూశారు, తెరని చూశారు, మళ్ళీ వైరుని చూశారు. పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఫిట్టరు గోడకు కొట్టిన బోర్డు వైపు చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

తొడుగు ఒలిచి, రాగిని స్క్రూ కింద పెట్టి బిగించి మళ్ళీ నొక్కాను. 7.86.

"పాసే! చూశావా? మాస్టరు కంటే ఎక్కువ!" ఈయన గొంతులో చిన్నపిల్లాడి సంబరం. వద్దన్నా నాకూ సంతోషం వేసింది.

"చూశాను. ఈ షెడ్డులో మనం కొలిచిన మొదటి బ్రేకు ఇదే," అన్నాను.

ఇంటికి వచ్చి డైరీ వెనక్కి తిప్పాను. లాగి చూశాను, లాగి చూశాను అని ఎంత గర్వంగా రాసుకున్నానో. రాకపోతే కలిసే ఉందనుకున్నాను. ఈ లైనులో పనిచేసేవాళ్ళం అందరం చేసేది అదే, లాగి చూసి తృప్తిపడటం. కార్డును అన్యాయంగా తిట్టాను. దానికి క్షమాపణ చెప్పే వీల్లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

24 జూన్

నన్ను మళ్ళీ బెంచి మీద వేశారు. గోడౌన్లో ఉన్నవన్నీ తిరిగి కొలిచాను. 7.1, 8.0, 6.9, 7.7. ఒక్కొక్కటి ఒక్కో మనిషిలా, చూస్తుంటే ప్రాణం లేచొచ్చింది. ఒక్కటీ ఫెయిల్ కాలేదు.

పెద్దసారు చంకలు గుద్దుకున్నారు. "తప్పు వైరుదేనమ్మా, బ్రేకులది కాదు. ఇక ఈ విషయం ఇక్కడితో వదిలేద్దాం."

"బయటికి పంపినవాటి సంగతి సార్?"

"ఇవి బాగుంటే అవీ బాగున్నట్టే కదా?"

"మళ్ళీ పక్కదాన్ని చూసి చెప్పడమే కదా సార్ ఇది? మొన్నటిదాకా కార్డు చేసింది, ఇప్పుడు మనం చేస్తున్నాం. షెడ్డు మారిన దగ్గర్నుంచి పంపినవన్నీ వెనక్కి రప్పించాలి."

ఆయన నవ్వు అలాగే గడ్డకట్టింది.

25 జూన్

ఇవాళ ఏమీ జరగలేదు.

26 జూన్

నిన్న ఏమీ జరగలేదని రాశాను. జరిగింది.

పెద్దసారు తన గదిలో కూర్చోమన్నారు. టీ తెప్పించారు. ఇంత తెలివైనదాన్ని ఇన్నాళ్ళూ బెంచి దగ్గర ఉంచడం తనదే పొరపాటన్నారు. మీ ఆయనను అమ్మకాల వైపు పంపిస్తాను, ప్లాంటు హెడ్డు కుర్చీలో నువ్వు కూర్చో అన్నారు. పాత బ్రేకుల మీద అనుమానం లేదని ఒక కాగితం మీద నేను సంతకం పెడితే చాలట.

వెంటనే కాదనలేదు. అదే నిన్న రాయలేకపోయింది. ఆలోచించి చెబుతానన్నాను. బయటికి వచ్చాక ప్లాంటు హెడ్డు గదిలోకి తొంగి ఆ కుర్చీ వైపు చూశాను. కిటికీ ఎటు ఉండాలో, టేబులు ఎటు తిప్పాలో కూడా ఆలోచించాను. బస్సులో ఇంటికి వచ్చేదాకా మనసులో ఆ గదిలోనే ఉన్నాను.

అసూయ ఉంది. మొదటి రోజు నుంచీ ఉంది. ఉంటే ఏం? నాకు అసూయ ఉన్నా లేకపోయినా ఆ వైరు కార్డుకు తగల్లేదు. కొలవని బ్రేకులు కొలవనట్టే ఉన్నాయి.

పొద్దున్నే వెళ్ళి కుదరదని చెప్పేశాను. ఆ టీ కూడా బాగాలేదని చెప్పాల్సింది, మర్యాదకు ఊరుకున్నాను.

28 జూన్

వెనక్కి రప్పించే నోటీసు మీద ప్లాంటు హెడ్డు సంతకం కావాలి. నా సంతకం చెల్లదు. నోటీసు టైపు చేసి తెచ్చి భోజనాల బల్ల మీద ఈయన ముందు పెట్టాను. ఆఫీసు సంగతులు గుమ్మం దాటకూడదన్న ఒప్పందం ఇప్పుడు నేను తెంపాను. లెక్క సరిపోయింది.

"ఒక్క బ్రేకు మీదే లిఫ్టు ఆగదు. దానికి ఇంకో రక్షణ ఉంటుంది. నీకూ తెలుసు," అన్నారు.

"తెలుసు. ఆ రక్షణ పరికరం చేసే ఫ్యాక్టరీలో కూర్చున్నవాడు కూడా, బ్రేకు ఉంది కదా అనుకుంటుంటే?"

"ఒక్క బ్రేకు కూడా ఫెయిలైనట్టు నీ దగ్గర రుజువు లేదు."

"పాసయినట్టు మీ దగ్గరా లేదు."

"దీని మీద సంతకం పెడితే నా ఉద్యోగం పోతుంది. ఇన్నాళ్ళు నేను చేసిందంతా అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది. నీకు అదే కావాలా?"

ఆ మాటకు నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. ఏడవకుండా కూర్చున్నాను. ఆయన ఓవెన్ పక్కన కుర్చీ వేసుకుని కునికిపాట్లు పడిన రోజులు నేను చూశాను. టిఫిను డబ్బా తీసుకెళ్ళింది నేనే. ఆ పని అబద్ధమని నేనెప్పుడూ అనలేదు.

అత్తయ్య డ్రాయరు లాగిన చప్పుడైంది. చెవి మిషను పెట్టుకుని వచ్చి కొడుకు ఎదురుగా కూర్చుంది.

"ఒరేయ్, నీ బ్రేకులు మంచివేనా?"

"మంచివే అమ్మా."

"ఎవరు చెప్పారు?"

ఆయన కంచం ముందు నుంచి లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయారు. అత్తయ్య చెవి మిషను తీసి కొంగుకి తుడుచుకుని మళ్ళీ డ్రాయర్లో పెట్టేసింది.

30 జూన్

సంతకం పెట్టారు. ఇంట్లో కాదు, పెద్దసారు గదిలో, ఆయన ముందే. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"నా లైనింగు మంచిదని నేను నమ్ముతున్నాను సార్. కానీ నా నమ్మకం కొలత కాదు. అవి వెనక్కి రావాలి. నాకు తెలియాలి."

పెద్దసారు ఎంత గట్టిగా అరిచారంటే కింద షెడ్డులో మిషన్లు ఆపి విన్నారట. ఈయన గొంతు కూడా లేచింది. చాలా ఏళ్ళ తర్వాత విన్నాను. అంతే గట్టిగా ఉంది.

8 జూలై

లిఫ్టు కంపెనీవాళ్ళ నోటికి హద్దూ పద్దూ లేదు. ఫోన్లన్నీ నాకే. తిట్టనిచ్చాను. తిట్టడం అయ్యాక బ్రేకులు ఎప్పుడు పంపిస్తున్నారో అడిగాను.

ఈయన్ని ఆ కుర్చీలోంచి తీసేశారు. ఓవెన్ దగ్గర మామూలు ఇంజనీరుగా వేశారు. హెడ్డు గదికి తాళం వేసి ఉంది. నేను దాని ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఆ వైపు చూస్తున్నాను. చూస్తే ఏం.

17 జూలై

లారీల్లో వస్తున్నాయి. ప్రతిదానికీ దాన్ని ఏ బిల్డింగులోంచి విప్పారో రాసిన చీటీ కట్టి ఉంది. పొద్దుటి నుంచి కొలుస్తున్నాను. పాస్. పాస్. పాస్. ఒక్కోటి పాసయినప్పుడల్లా ఈయన ముఖం విప్పారుతోంది, నా గుండె కొంచెం జారుతోంది. ఫెయిలవ్వాలని కోరుకుంటున్నానా? లేదు. లేదనే రాస్తున్నాను. కానీ షెడ్డులో నన్ను చూసే చూపులు మారుతున్నాయి. అనవసరంగా ఫ్యాక్టరీని ముంచింది అని ఒకడు వినపడేలాగే అన్నాడు.

"వినపడింది. ఇంకాస్త గట్టిగా అను, లారీ డ్రైవరుకు కూడా వినపడాలి," అన్నాను.

అన్నీ పాసయినా నాకు సిగ్గేం లేదు. కొలిచాక పాసయ్యాయి. అది వేరు, ఇది వేరు.

22 జూలై

పాస్. అన్నీ.

24 జూలై

మధ్యాహ్నం షిఫ్టులో ఒకదాన్ని బిగించి స్విచ్చు నొక్కాను. మాస్టరు 7.42. కుడి సీటు 5.17. తెర ఎర్రబడింది.

ముందు వైరు చూశాను. లాగలేదు. స్క్రూ విప్పి రాగిని కళ్ళతో చూసి మళ్ళీ బిగించాను. 5.16. విప్పి ఇంకోసారి. 5.17.

ఫిట్టరు ఈయన్ని పిలుచుకొచ్చాడు. మళ్ళీ కొలువు అని ఈయన అనలేదు. బ్రేకు విప్పి లైనింగు అంచున గోరు పెట్టారు. మూల నుంచి అట్టలా లేచొచ్చింది, లోపల జిగురు ఇంకా మెత్తగానే ఉంది.

"ఓవెన్లో మూల ట్రే. వేడి అక్కడిదాకా అందలేదు. నేను చూసుకోవాల్సింది," అన్నారు.

చీటీ తిప్పి చూశాం. కాన్పుల ఆసుపత్రి. మూడో లిఫ్టు.

ఆయన చీటీ పట్టుకుని బెంచి పక్కన నేల మీదే కూర్చుండిపోయారు. నేను పక్కన కూర్చున్నాను. నేనే గెలిచానని అనిపించలేదు. ఆ లిఫ్టులో ఎవరెవరు ఎక్కి ఉంటారో, ఎవరెవర్ని ఎత్తుకుని దిగి ఉంటారో, అదొక్కటే అనిపించింది. ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఫ్యాక్టరీలో ఎప్పుడూ పట్టుకోలేదు. ఎవరు చూస్తే నాకేం.

పెద్దసారు వచ్చారు. మమ్మల్ని చూశారు, ఎర్రటి తెరని చూశారు, షెడ్డు నిండా పేర్చిన పాసయిన బ్రేకుల్ని చూశారు.

"ఇన్ని వెనక్కి రప్పించి, లోకంలో నా పరువు తీసి, చివరికి దొరికింది ఈ ఒక్కటా? ఈ ఒక్కదాని కోసమా ఇదంతా?"

"అవును సార్," అన్నాను లేచి నిలబడి. "ఆ ఒక్కటీ ఏదో తెలియకే అన్నీ రప్పించాం."

నేను రిపోర్టు మీద ఫెయిల్ అని రాసి, కింద నా సంతకం పెట్టి, తర్వాతది ఎక్కించమని ఫిట్టరుకు చెప్పాను.